కుడికి పోని కర్ర

గోల్ఫ్ అనగానే చాలామందికి పచ్చిక గుర్తొస్తుందేమో. నాకు పులిసిన గడ్డి వాసన గుర్తొస్తుంది. ఉబ్బిన బర్రె కడుపులోంచి ఒక్కసారిగా తన్నుకొచ్చే ఆ వాసన చొక్కాకు పట్టిందంటే ఒక ఉతుకుతో వదలదు. నేను పశువుల డాక్టర్‌ని. ఉద్యోగమంతా ఆ వాసనల మధ్యనే గడిచింది కాబట్టి వాటిమీద నాకెప్పుడూ అసహ్యం లేదు. నాకు రోత పుట్టించింది ఆ వాసన కాదు, దాని వెనకాల జరిగింది.

ఈ ఆటను బాన్సువాడకు తెచ్చింది మా బావ. బావ అంటే మా అక్క భర్త. మిల్లు యజమాని. ఆయన బియ్యం సంచుల మీద ఎర్రముక్కు చిలుక బొమ్మ ఉంటుంది. చుట్టుపక్కల ఏ కిరాణా కొట్టులో చూసినా ఆ చిలుక కనిపిస్తుంది. వ్యాపారం పనిమీద హైదరాబాద్ వెళ్లి వస్తూ, అక్కడి పెద్దమనుషులు రమ్మంటే రెండు మూడుసార్లు గోల్ఫ్ మైదానానికి వెళ్లాడట. ఒకరోజు భుజాన పొడుగాటి సంచితో కారు దిగాడు. చేపలు పట్టే గాలాలు కొన్నాడేమో, నిజాంసాగర్ పోదామంటాడేమో అనుకున్నాను. సంచి విప్పితే రకరకాల ఇనుప మూతులున్న కర్రలు.

"రిటైర్ అయినవ్ గద, బామ్మర్దీ. ఇంట్ల కూసుండి ఏం జేస్తవ్? రా, ఆడుదాం" అన్నాడు.

మిల్లు వెనక, కాలువ గట్టు వెంబడి ఆయనకొక మెరక చేను ఉంది. కాలువ పక్కనే ఉన్నా ఆ ఎత్తుకు నీళ్లెక్కవు. కందులు వేసి వేసి విసిగి వదిలేసిన నేల. దాన్ని ట్రాక్టరుతో చదును చేయించాడు. ఒక చివర మట్టిదిబ్బ కట్టించాడు, మేము నిలబడి బంతి కొట్టడానికి. ఇంకో చివర ఒక బొంగు పాతించి ఎర్ర గుడ్డ కట్టించాడు. అదీ మా మైదానం. దిబ్బ మీద నిలబడితే కుడిచేతి వైపు కాలువ, ఎడమచేతి వైపు వరి మడులు. ఈ కుడి ఎడమలు కాస్త గుర్తుంచుకోవాలి. జరిగిందంతా వాటిమీదే జరిగింది.

మేము నలుగురం. బావ, నేను, నీటిపారుదలలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు, ఊళ్లో కొత్తగా క్లినిక్ పెట్టిన ఒక పండ్ల డాక్టరు, అంటే దంతవైద్యుడు. ఇంజనీరుగారిది వర్ని వైపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇన్నేళ్లయినా ఆయన మాటలో 'అండీ' పోలేదు. పండ్ల డాక్టరుకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. మెత్తని మనిషి. ఎవరు ఏమన్నా ముందు నవ్వుతాడు.

ఆదివారం పొద్దున ఆడేవాళ్లం. ఆ పక్క మడుల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆదివారం చర్చికి వెళ్తారు. పొలాల్లో మనిషి కనిపించడు. అరిచినా, నవ్వినా, బూతులు తిట్టుకున్నా వినేవాళ్లుండరు.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకు ఆ ఆట బాగా నచ్చింది. ఇన్నేళ్లు చేతులు పశువుల్లోపల పెట్టి బతికినవాణ్ని. ఏమీ అంటని చేతులతో, ఖాళీ ఆకాశం కింద, చిన్న తెల్లటి బంతిని దూరంగా పంపడంలో ఏదో హాయి ఉండేది. కాకపోతే అది నేరుగా పోయేది కాదు. కుడిచేతి వాటం ఉన్న కొత్తవాళ్లందరికీ ఇదే బాధ. కొట్టిన బంతి మొదట నేరుగానే లేస్తుంది. సగం దూరం పోయాక మనసు మారినట్టు కుడికి వంగి, వంగి, కనపడకుండా పోతుంది. దాన్ని స్లైసు అంటారు. అన్నింటికన్నా పొడుగు కర్రను డ్రైవర్ అంటారు. దాంతో కొడితే ఈ రోగం మరీ ఎక్కువ. మా నలుగురికీ ఉంది. మా బంతులన్నీ కాలువ పాలయ్యేవి. 'బుడుంగ్'మని చప్పుడు వినిపించగానే మిగతా ముగ్గురం నవ్వేవాళ్లం. ఎవరికీ నష్టం లేదు. కాలువ దేన్నీ అడగదు.

బావ మాత్రం నవ్వేవాడు కాదు. ఆయనకు ఓడిపోవడం కన్నా, నలుగురి ముందు వంకరగా కొట్టడం చిన్నతనంగా ఉండేది. హైదరాబాద్‌లో కూడా ఇదే జరుగుతోందని, అక్కడ టీ మోసేవాడు కూడా నవ్వాడని ఒకసారి పళ్లు నూరుతూ చెప్పాడు. తన బంతుల మీద ఆ చిలుక బొమ్మ అచ్చు వేయించుకున్నాడు. పదిమందిలో తన బంతి తెలియాలట. ఆ చిలుకలన్నీ కాలువలో కొట్టుకుపోయేవి.

రెండో పంట యాసంగికి నాట్లు పడ్డ రోజుల్లో కొత్త డ్రైవర్ తెచ్చాడు.

నల్లటి పెట్టె, లోపల మెత్తటి గుడ్డ. తీసి చూస్తే కర్ర తల ఉబ్బిపోయి గుమ్మడిపిందెలా ఉంది. బంతికి తగిలే ముఖం కనిపించీ కనిపించనంతగా లోపలికి తిరిగి ఉంది. తలలోని బరువంతా కర్ర అతికిన వైపుకే పోసి ఉంది. మనం చేయి తప్పుగా తిప్పినా ఆ ముఖం దానంతటదే సర్దుకుని, బంతిని కుడికి పోనివ్వకుండా ఎడమకు లాగుతుంది. దాని తయారీలో ఉన్న కిటుకంతా అదే.

"గిది ఫర్‌గివింగ్ డ్రైవర్, బామ్మర్దీ" అన్నాడు బావ. "మన తప్పును గదే మాఫ్ జేస్తది. కుడికి పోనే పోదు."

మొదట ఆయనే కొట్టాడు. రేకుడబ్బా మీద రాయి పడ్డట్టు టంగుమంది. బంతి లేచింది, వంగలేదు, ఎర్రగుడ్డ వైపుకే పోయి పడింది. బావ కర్రను గాల్లోనే ఉంచి చాలాసేపు అలాగే నిలబడ్డాడు, ఎవరో ఫోటో తీస్తున్నట్టు.

తర్వాత ఇంజనీరుగారు అడిగి తీసుకున్నారు. ఆయనకు భుజం సరిగా తిరగదు. గొడ్డలితో కట్టె కొట్టినట్టు కొడతారు. ఆయన బంతి కూడా నేరుగా పోయింది. ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నాళ్లూ నా స్వింగులో లోపం ఉందనుకున్నానండీ. లోపం పరికరంలో ఉంది" అన్నారు. ఆ వారమే ఆయన కూడా అలాంటిదే ఒకటి తెప్పించుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం నుంచి మాకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. చేయి ఎలా పట్టాలో, నడుం ఎలా తిప్పాలో, ఎప్పుడూ సరిగ్గా తిప్పని మనిషి మాకు చూపించేవారు. వినయం అంత తేలిగ్గా రాలిపోతుందని నేనప్పుడే చూశాను.

పండ్ల డాక్టరు సంగతి వేరు. అతను క్లినిక్ మేడమీద వల కట్టుకుని రోజూ సాధన చేసేవాడు. అప్పటికే అతని స్లైసు చాలావరకు తగ్గింది. అతను ఈ కొత్త కర్రతో కొడితే బంతి ఎడమకు వంగి, వరి మడుల్లో పడింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఎడమకే.

"అంకుల్, ఇది బాగా కొడితే లెఫ్ట్‌కి పోతుంది" అన్నాడు.

"నీకు చాతగాక కర్రను అంటవా?" అన్నాడు బావ. అతను నవ్వి ఊరుకున్నాడు.

నా వంతు వచ్చింది. నేనూ కొట్టాను. నా బంతి నేరుగా పోయింది, ఎప్పుడూ పోనంత దూరం. ఒళ్లంతా జివ్వుమంది. కాని చేతుల్లో ఏదీ తెలియలేదు. పాత కర్రతో తప్పు కొడితే వేళ్లు జుమ్మనేవి. ఎక్కడ తప్పానో చెయ్యే చెప్పేది. ఇందులో మంచిదానికీ చెడ్డదానికీ ఒకటే టంగు. ఎందుకో మింగుడుపడలేదు. నేను నా పాత కర్రకే తిరిగివచ్చి, కాలువకు బంతులు సమర్పించుకుంటూ ఉన్నాను.

కొన్ని వారాలు గడిచేసరికి బావ చేయి కూడా కాస్త కుదిరింది. కుదిరేకొద్దీ ఆయన బంతులు పండ్ల డాక్టరు బంతుల్లాగే ఎడమకు పోసాగాయి. ఇంజనీరుగారివి కూడా. ఎడమకు పోయిన బంతి ఒత్తుగా పెరిగిన వరిలో చప్పుడు కూడా లేకుండా మాయమవుతుంది. నీళ్లలో పడితే కనీసం బుడుంగ్ అంటుంది, మిగతావాళ్లం నవ్వుతాం. ఇక్కడ ఏమీ వినిపించదు కాబట్టి ఏమీ జరగనట్టే ఉండేది. "కుడికి పోలే, చూసినవా?" అనేవాడు బావ ప్రతిసారీ. అవును, కుడికి పోలేదు.

ఆ మడులు కౌలుకు చేసే పెద్దాయన ఒక ఆదివారం దిబ్బ దగ్గరికే వచ్చాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"సేటూ, మీ బంతులు మా మడిల వడుతున్నయి. కలుపు తీసే ఆడోళ్లకు కాళ్ల కింద దొరుకుతున్నయి. ఎవలికన్న తాకితె ఎట్ల?"

"మావి గటు రావు" అన్నాడు బావ. "మావి కాలువల వడ్తయని ఊరందరికి ఎరుక."

"అది ఎనుకట, సేటూ. ఇప్పుడు..."

"ఇప్పుడు సీదా వోతున్నయి. కొత్త కర్ర తెచ్చిన. గీయనను అడుగు."

ఇంజనీరుగారు తల ఊపారు. "స్లైసు పూర్తిగా తగ్గిందండీ."

పెద్దాయనకు స్లైసంటే ఏమిటో తెలియదు. ఆయన మా నలుగురి ముఖాలూ చూశాడు. బంతులు అటే పోతున్నాయి బావా అని నేనన్నాను. బావ వినిపించుకోనట్టు బంతి పెట్టుకున్నాడు. పెద్దాయన తలగుడ్డ చుట్టుకుని గట్టు మీదుగా వెళ్లిపోయాడు. ఆ పూట నాకు ఆడబుద్ధి కాలేదు. అయినా ఆడాను.

యాసంగి కోతలయ్యాయి. హార్వెస్టర్ వచ్చి ఒక్క పూటలో మడులన్నీ కోసి, గడ్డిని వరుసలుగా వదిలి వెళ్లింది. దాని వెనకాలే గడ్డిని చుట్టి కట్టలు కట్టే మిషన్ వచ్చింది. అది నేలమీద ఉన్నదాన్ని ఉన్నట్టే ఊడ్చి లోపలికి లాక్కుంటుంది. గడ్డేదో, గడ్డి కానిదేదో దానికి పట్టదు. కొన్ని కట్టలు చుట్టుపక్కల బర్రెలున్నవాళ్లు తీసుకున్నారు. మిగతావి లారీకెక్కి మహారాష్ట్ర వైపు పోయాయి. ఏటా అంతే. నేను కారులో పోతూ ఆ లారీని చూశాను కూడా. ఏమీ తోచలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. రిటైరైనా పశువులున్నవాళ్లు నాకే ఫోన్ చేస్తారు. కోటగిరి రోడ్డు మీద ఒక ఊరు. ఫోన్ చేసినామె కూలి పనికి పోతుంది, ఆమెకు ఒక్కటే బర్రె. పోయిన ఏడు దానికి ఈత కష్టమైతే నేనే వెళ్లాను.

"సారూ, తొందరగ రాండ్రి. బర్రె నోట్లెకెళ్లి నురుగులు కారుతున్నయి. మెడ సాపి నిలవడ్డది. పొట్ట డప్పు లెక్క అయితుంది."

నేను వెళ్లేసరికి రేకుల కొట్టం ముందు జనం మూగారు. బర్రె మెడ ముందుకు చాచి, నాలుక సగం బయట పెట్టి, గుడ్లు తేలేసి ఉంది. చొంగ తాళ్లలా నేల దాకా వేలాడుతోంది. ఎడమ డొక్క వెన్నెముక కంటే ఎత్తుకు ఉబ్బింది. గొంతు తడిమి చూస్తే, మెడ మధ్యలో గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలింది.

"మామిడికాయ ఏమన్నా మింగిందా?"

"ఈడ మామిడిచెట్టే లేదు సారూ. వడ్లగడ్డే ఏసిన. కట్ట ఇప్పి ఏసిన, గంతే."

ముందు గాలి తీయాలి, లేకపోతే ఊపిరాడక చస్తుంది. లావుపాటి బోలు సూదిని డొక్కలో దింపాను. లోపలి గాలి బుస్సుమని నా ముఖం మీదికే కొట్టింది. పక్కనున్నవాళ్లు ముక్కులు మూసుకుని దూరం జరిగారు. తర్వాత దవడల మధ్య ఇనుప చట్రం పెట్టి, ఆమె భర్తను ముక్కుతాడు బిగించి పట్టుకోమన్నాను. ఒక చేత్తో బయటినుంచి ఆ గుండ్రటిదాన్ని కొద్దికొద్దిగా పైకి తోస్తూ, ఇంకో చేయి మోచేయి దాటేదాకా నోట్లోకి పోనిచ్చాను. దవడపళ్లు చర్మం చీరుతున్నాయి. నాలుక నా చేతిని తోసేస్తోంది. నమిలిన గడ్డి, చొంగ, నెత్తురు కలిసి జిగురులా వేళ్లకు చుట్టుకుంటోంది. రెండుసార్లు వేళ్లకు తగిలి జారిపోయింది. చివరికి చిక్కింది. లాగాను.

అరచేతిలో పచ్చటి జిగురు ముద్ద. ఆమె చెంబుతో నీళ్లు పోసింది. జిగురు జారాక లోపలినుంచి తెల్లగా, చిన్న చిన్న గుంటలతో బయటపడింది.

"గుడ్డా సారూ ఇది?" అన్నాడు ఆమె భర్త.

ఆమె వంగి చూసింది. "గుడ్డు గాదు. గీ చిలుకను సూడు. గిది సేటు బియ్యం సంచి మీది చిలుక గదా?"

గడ్డి ఎక్కడిదని అడిగాను. కాలువ గట్టు పక్క మడులదేనంది. బర్రె కాళ్లు వణుకుతూ పడుకుంది. ఆమె దాని తల ఒళ్లో పెట్టుకుని మెడ నిమురుతూ అడిగింది.

"సారూ, మీరు గుడ ఆడుతరంట గదా గా ఆట?"

"ఆడుతా" అన్నాను.

నేను మందులు ఇచ్చి లేస్తుంటే ఆమె వెంట వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "సేటు కాడ నా పేరు తియ్యకుండ్రి. మా బిడ్డ మిల్లు ఆఫీసుల కంప్యూటర్ మీద చేస్తుంది. దాని నౌకరీ పోతది." నేను పేరు చెప్పనని మాటిచ్చాను.

తర్వాతి ఆదివారం ఆ బంతిని జేబులో వేసుకుని దిబ్బ దగ్గరికి వెళ్లాను. ముగ్గురూ అక్కడే ఉన్నారు. బావ చేతిలో ఆ ఉబ్బిన తల కర్ర. ఇంజనీరుగారు ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నారు. నేను బంతిని కుర్చీ మీద పెట్టి, ఎక్కడినుంచి తీశానో చెప్పాను. సూది సంగతి, చెయ్యి సంగతి, అంతా. చేతిమీది గాట్లు కూడా చూపించాను.

బావ బంతిని ముట్టుకోలేదు. "ఎవరి బర్రె?"

"ఎవరిదైతే ఏంది బావా? బంతి నీది."

"ఎవరిదో చెప్పు."

"చెప్పను."

"చెప్పవు. అంటే లేదన్నట్టే గద. ఎవడో కాలువల దొరికిన బంతి నీ చేతుల పెట్టి కథ చెప్పిండు, నువ్వు నమ్మినవ్."

"నా చేత్తో తీసిన బావా!"

"తీసినవ్, కాదంటలేను. నేను కొట్టింది అని ఎట్లంటవ్? నా కర్ర కుడికి పోదు. కంపెనీ గ్యారంటీ ఉంది."

"పొలం ఎడమకుంది" అన్నాను. "కుడికి పోకుంటే ఎటు వోతుంది? నీ కొత్త కర్రే గదా అటు తోలుతుంది!"

బావ ఇంజనీరుగారి వైపు చూశాడు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నారు. "డాక్టరుగారూ, ఆవేశపడకండి. సిద్ధాంతపరంగా చూస్తే ఈ డ్రైవర్ పొరపాట్లను తగ్గిస్తుందండీ. అంటే మొత్తం మీద బయటికిపోయే బంతులు తగ్గాలి. మరి పశువు మేతలో ఏముందో చూసుకోవలసిన బాధ్యత యజమానికి కూడా ఉంటుంది కదండీ."

ఎన్నో చూశాను. పుండ్లలో పురుగులు, కుళ్లిన పిండాలు. వాంతి రాలేదు ఎప్పుడూ. ఆ టీ గ్లాసు చూసి, ఆ 'కదండీ' విన్నప్పుడు నోట్లో నీళ్లూరాయి, వాంతికి ముందు ఊరినట్టు.

అప్పుడు పండ్ల డాక్టరు నోరు విప్పాడు. ఈసారి నవ్వలేదు. "నేను మొదటిరోజే చెప్పా అంకుల్, లెఫ్ట్‌కి పోతుందని. మనందరివీ పడ్డాయి అక్కడ. నావి కూడా."

బావ కుర్చీ మీది బంతిని తువ్వాలుతో పట్టుకుని తీశాడు. సీసాలోని తాగే నీళ్లు పోసి కడిగాడు. తుడిచి, వెలుగుకు పెట్టి చుట్టూ తిప్పి చూశాడు.

"ఏం గాలే. మంచిగనే ఉంది" అన్నాడు.

దాన్నే నేలలో గుచ్చిన చెక్క మేకు మీద పెట్టి, కాళ్లు సర్దుకుని, కొట్టాడు. టంగుమంది. నేను ఎడమకు పోవాలని కోరుకున్నాను. అందరి కళ్లముందు పోయి ఆ మడుల్లో పడాలని. పోలేదు. గీత గీసినట్టు నేరుగా పోయి ఎర్రగుడ్డ దగ్గర పడింది. బావ ఇటు తిరిగి చూశాడు. "చూసినవా? సీదా."

అర క్షణం నాకూ 'అబ్బ' అనిపించింది. ఆ దెబ్బ అంత బాగుంది. ఒక నోరులేని జీవి గొంతులోంచి నేను లాగిన బంతి అది, నా గోళ్లలోంచి ఇంకా ఆ పచ్చదనం పోలేదు, అయినా నా కళ్లు దాని వెంట పోయి మెచ్చుకున్నాయి. ఆ అర క్షణాన్ని తలుచుకుంటే బావ మీద కంటే నా మీదే ఎక్కువ రోత కలుగుతుంది.

దిబ్బ దిగి, కారులోంచి ఒక దాణా సంచి తీసుకుని మడుల్లోకి నడిచాను. పండ్ల డాక్టరు వెనకే వచ్చాడు. కోసిన వరి కొయ్యకాళ్లు అరికాళ్లలో గుచ్చుకుంటున్నాయి. ఎండిన బురదలో సగం దిగబడినవి, గట్ల పక్కన గడ్డి కింద దాగినవి, మిషన్ చక్రాల కింద నలిగి పగిలినవి ఏరుతూ పోయాం. దాణా సంచి అడుగు నిండింది. సగానికి సగం చిలుకలే. దిబ్బ మీదినుంచి టంగు, టంగుమని వినిపిస్తూనే ఉంది. మేము మడుల్లో ఉన్నామని తెలిసి కూడా వాళ్లు ఆట ఆపలేదు. ఒక బంతి మాకు కొంచెం దూరంలో పడి ఎగిరింది. పండ్ల డాక్టరు దాన్ని కూడా తీసి సంచిలో వేశాడు.

అటునుంచి అటే ఆ బర్రె యజమానురాలి ఇంటికి వెళ్లి మిగిలిన గడ్డికట్టలు విప్పించాం. ఆమె భర్త, పండ్ల డాక్టరు, నేనూ కూర్చుని గడ్డిని దోసిళ్లతో దులిపాం. ఇంకా రెండు దొరికాయి. ఒకటి పగిలి, లోపలి రబ్బరు పెచ్చులుగా ఊడుతోంది. దాన్ని చూసి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గిది మింగినా సస్తుండె గద సారూ" అంది. గడ్డి తీసుకున్న మిగతా ఇళ్లకు కూడా పోయి చెప్పాం. కొందరు విప్పి చూసుకున్నారు. కొందరు మమ్మల్నే అనుమానంగా చూశారు. లారీకెక్కిన కట్టలు ఎక్కడికి పోయాయో మాత్రం తెలియలేదు. మిషన్ నడిపినతన్ని పట్టుకుంటే, లారీవాడిది మహారాష్ట్రలో దెగ్లూర్ వైపనీ, అతని ఫోన్ నంబర్ తన దగ్గర లేదనీ అన్నాడు.

వారం తిరగకుండానే అక్క ఫోన్ చేసింది.

"ఏందిరా, గా బంతి ముచ్చట గంత పెద్దది చేస్తున్నవట? మీ బావ రెండు రోజులాయె, సరిగ తింటలేడు."

"తినమను అక్కా. ఆయన గొంతుల ఏం అడ్డంపడలె గదా."

"నువ్వు గిట్ల మాట్లాడెటోనివి గాదు" అని అక్క ఫోన్ పెట్టేసింది. ఆమె బాధపడిందని తెలుసు. మళ్లీ చేయలేకపోయాను.

ఇంకొన్ని రోజులకు మిల్లు కారు నడిపేవాడు ఒక నల్లటి పెట్టె తెచ్చి మా ఇంట్లో ఇచ్చి పోయాడు. తెరిస్తే, అచ్చం బావ దగ్గరున్నలాంటిదే కొత్త కర్ర. మా ఆవిడ మెత్తటి గుడ్డ తడిమి, "మంచిగుందే" అంది. నాకు మాత్రం అలిగిన పిల్లాడి చేతిలో బెల్లంముక్క పెట్టినట్టు అనిపించింది. ఆ పెట్టె ఇంట్లో ఉన్నంతసేపూ నాకు ఎక్కడో ఏదో కుళ్లుతున్నట్టే ఉంది. సాయంత్రానికి దాన్ని మిల్లుకు తీసుకుపోయాను. బావ ఆఫీసు గదిలో ఒక్కడే ఉన్నాడు. బల్లమీద పెట్టాను.

"నాకొద్దు బావా."

"ఇంక కోపం పోలేదా?"

"కోపం గాదు."

"మరి?"

"రోత."

ఆయన ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. గాజు అవతల కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి తలెత్తి మా వైపు చూసింది. ఆ అమ్మాయి ఎవరి బిడ్డో నాకు తెలుసు, ఆ బర్రె వాళ్లదని ఆయనకు తెలియదు. నేను గొంతు తగ్గించాను.

"ఎడమ పక్క వల కట్టియ్యి. లేకుంటే ఆట బంద్ పెట్టు. నేనైతే రాను."

"నువ్వు రాకుంటే ఆట ఆగుతదా?" అన్నాడు బావ. పెట్టెను మాత్రం తన వైపుకు లాక్కున్నాడు.

ఆట ఆగలేదు. వానాకాలం నాట్లప్పుడు కౌలుదారు పెద్దాయన, ఇంకా నలుగురు రైతులూ కలిసి మిల్లు ముందు కూర్చుంటే, వల కట్టించాడు. తన తప్పని ఒప్పుకుని కాదు. ఊళ్లోవాళ్లు బంతులు ఎత్తుకుపోతున్నారని, అందుకే కట్టిస్తున్నానని చెప్పుకున్నాడు. ఇంజనీరుగారు ఇంకా వెళ్తారు. పండ్ల డాక్టరు మేడమీద తన వలలోకే కొట్టుకుంటాడు. అక్క ఇంటికి పండగలకు వెళ్తాను. బావ పక్కనే కూర్చుని తింటాను. ఆయన కూర వడ్డించమంటే వడ్డిస్తాను. ఆయన చెయ్యి నా కంచం దగ్గరికి వస్తే మాత్రం కంచం కొంచెం జరుపుకుంటాను. అక్క అది చూస్తుంది.

కోటగిరి రోడ్డు బర్రె బతికింది. సూది దింపినచోట చీము పట్టి, మానడానికి చాలా రోజులు పట్టింది. పాలు మాత్రం మునుపటంత ఇవ్వడం లేదు. ఇప్పుడు ఆమె ఏ గడ్డికట్ట విప్పినా ముందు చేతులతో దులిపి, తర్వాతే వేస్తుంది.

మొన్న మధ్యాహ్నం సరిహద్దు అవతలి ఊరినుంచి ఒక మరాఠీ రైతు ఫోన్ చేశాడు. సగం తెలుగు, సగం మరాఠీ. బర్రె నోట్లోంచి చొంగ కారుతోందట, మెడ చాచి నిలబడిందట. నేను మందుల సంచి సర్దుకుంటూ, గడ్డి ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. అతను ఎవరినో అడిగి వచ్చి, "తెలంగాణా" అన్నాడు. బండి తాళాలు తీసుకుని బయల్దేరాను.